పరుగులో, సైక్లింగ్‌లో గుండె లయ తప్పినట్టుందా? వాచీ, చెస్ట్ స్ట్రాప్, చేతి ఈసీజీ, హోల్టర్‌లో మీకు ఏది కావాలి

పొద్దున్నే ఐదున్నరకి ఓఆర్‌ఆర్ సైకిల్ ట్రాక్ మీద ఉన్నారనుకోండి. ఎదురుగాలి లేదు, కాళ్ళు హాయిగా తిరుగుతున్నాయి, 140 దగ్గర ఉన్న హార్ట్ రేట్ ఉన్నట్టుండి 205 చూపిస్తుంది. ఊపిరి మాత్రం మామూలుగానే ఉంది. రెండు నిమిషాలయ్యాక మళ్ళీ 141. ఇది వాచీ తప్పా, గుండె తప్పా?

నాకు ఈ అనుమానం పోయిన చలికాలంలో మొదలైంది. 300 కిలోమీటర్ల బ్రెవే (టైం లోపు ముగించాల్సిన లాంగ్ సైకిల్ రైడ్) చేసొచ్చిన రాత్రి ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే గుండెలో చేపపిల్ల ఎగిరినట్టు, ఒక్క క్షణం ఆగి తర్వాత గట్టిగా ఒక దెబ్బ కొట్టినట్టు అనిపించేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నిద్ర మాత్రం పోయింది. అప్పట్నుంచి ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు, ఏ టెస్ట్ ఎప్పుడు పనికొస్తుంది అని నేను తిరిగిన దారంతా ఇక్కడ పెడుతున్నా, నాలాగ 40 దాటాక కూడా లాంగ్ రన్లు, లాంగ్ రైడ్లు వదలని వాళ్ళు మన దగ్గర ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి.

ముందు ఇది చదవండి, కొనేది తర్వాత

పరిగెడుతూ ఉండగా స్పృహ తప్పి పడిపోయినా, పడిపోయేంత కళ్ళు తిరిగినా, శ్రమ పడినప్పుడు ఛాతీలో నొప్పి గానీ బరువు గానీ వచ్చినా, మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయి ఉన్నా, ఈ గైడ్ మీకోసం కాదు. ట్రైనింగ్ ఆపేసి కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి. నొప్పి ఇప్పుడే ఉంటే 108కి ఫోన్ చేయండి. హార్ట్ ఎటాక్‌ని ఏ వాచీ పట్టుకోలేదు, ఆపిల్ కూడా తన ఈసీజీ యాప్‌లోనే ఆ మాట రాసి పెట్టింది.

ఫిట్‌గా ఉన్నవాడికి గుండె జబ్బేంటి అనే మాట మనవాళ్ళలో బాగా ఉంది, అది పోవాలి. స్వీడన్‌లో వాసలోపెట్ అని 90 కిలోమీటర్ల స్కీ రేస్ ఉంది. 1989 నుంచి 1998 దాకా అది పూర్తి చేసిన 52,755 మందిని వెనకాల ఏళ్ళ తరబడి గమనించారు. 2013లో వచ్చిన ఆ స్టడీలో ఎక్కువసార్లు రేస్ చేసినవాళ్ళకి, వేగంగా ముగించినవాళ్ళకి లయ తప్పే సమస్యలు కాస్త ఎక్కువగానే కనిపించాయి. సైక్లింగ్‌లో ఐతే రాబర్ట్ గెసింక్‌కి 2014లో, ఎలియా వివియానికి 2021 జనవరిలో దీనికే ప్రొసీజర్లు జరిగాయి, ఇద్దరూ తిరిగి రేసుల్లోకొచ్చారు. సోనీ కోల్‌బ్రెల్లి సంగతి వేరు: 2022 మార్చి 21న కాటలూన్యా రేస్ మొదటి స్టేజ్ ఫినిష్ లైన్ దాటగానే కుప్పకూలాడు, ఛాతీలో డీఫిబ్రిలేటర్ (ప్రమాదకరంగా లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) పెట్టారు, ఆ ఏడాది చివర్లో రిటైర్మెంట్ చెప్పేశాడు. భయపెట్టడానికి కాదు, లయ తప్పడం అనే ఒక్క మాట కింద ఏ ప్రమాదం లేనిదీ ఉంది, ప్రాణం మీదకొచ్చేదీ ఉంది, ఏది ఏదో తేల్చుకోకుండా గాడ్జెట్ కొంటే డబ్బు దండగ, నిద్ర కూడా దండగ.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది: మీకు దొరికేది నంబరా, గీతా? నిమిషానికి 190 అని నంబర్ చూపిస్తే డాక్టర్ దాంతో ఏం చేయలేడు. అదే 190 మామూలు లయలో రావచ్చు, ఎస్‌వీటీలో (గుండె పై భాగంలో పుట్టే అతి వేగపు లయ) రావచ్చు, ఏఫిబ్‌లో (పై గదులు క్రమం లేకుండా వణికే లయ) రావచ్చు, ఇంకా ప్రమాదమైన వీటీలోనూ (కింది గదుల్లో పుట్టే వేగపు లయ) రావచ్చు. తేడా తెలిసేది ఈసీజీ గీతలోనే. నేను నాలుగు వారాల హార్ట్ రేట్ గ్రాఫులు ప్రింట్ తీసుకెళ్తే డాక్టర్ మర్యాదగా తిప్పి చూసి పక్కన పెట్టి, "ఇందులో గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఉందండీ, ఎలా కొట్టుకుందో లేదు" అన్నారు.

రెండోది, ఎప్పుడు వస్తోంది. పరుగు మధ్యలోనా, ఆపిన ఐదు నిమిషాలకా, రాత్రి పడుకున్నాకా? ఎండ్యూరెన్స్ వాళ్ళకి ఏఫిబ్ చాలాసార్లు విశ్రాంతిలో, రాత్రిపూట, భారీ భోజనం తర్వాత వస్తుంది. వర్కౌట్‌లో మాత్రమే చూసే పరికరం కొంటే అసలు దొంగ రాత్రి వచ్చి పోతాడు.

మూడోది, ఎన్నాళ్ళకోసారి, ఎంతసేపు. రోజూ వచ్చేదైతే 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ రికార్డర్) చాలు. రెండు నెలలకోసారి వచ్చేదానికి అదే హోల్టర్ పెడితే "నార్మల్" అని రిపోర్ట్ వస్తుంది, మీ అనుమానం అలాగే ఉంటుంది. రెండు సెకన్లు ఉండిపోయేదాన్ని వాచీ మీద వేలు పెట్టి పట్టుకోలేం, పది నిమిషాలుండేదాన్ని పట్టుకోవచ్చు.

ఇక చెమట, కుదుపు, ఫోన్ వెంట ఉండాలా వద్దా, ఖర్చు, ఇవన్నీ ఆ తర్వాతే.

| పరికరం | ఏం ఇస్తుంది | పరుగు మధ్యలో | రాత్రిపూట | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| వాచీ పచ్చ లైటు | నంబర్, ఏఫిబ్ అనుమానం అలర్ట్ | నమ్మలేం | బాగానే | లక్షణాలు లేనివాళ్ళకి |
| వాచీ ఈసీజీ | 30 సెకన్ల గీత | ఆగి తీయాలి | లేచి తీయాలి | కొన్ని నిమిషాలుండే దడకి |
| మామూలు చెస్ట్ స్ట్రాప్ | కచ్చితమైన నంబర్, బీట్‌కి బీట్‌కి మధ్య టైం | బాగుంటుంది | ఇబ్బంది | వాచీ తప్పా కాదా తేల్చుకోడానికి |
| ఈసీజీ రికార్డ్ చేసే స్ట్రాప్ | పూర్తి సెషన్ గీత | దీనికే పుట్టింది | పెట్టుకోవచ్చు, ఇరుకు | శ్రమలోనే వచ్చేదానికి |
| చేతి ఈసీజీ | 30 సెకన్లు, 1 లేదా 6 లీడ్లు (గుండెని చూసే కోణాలు) | జేబులో ఉంటే, ఆగి | బాగుంటుంది | అరుదుగా వచ్చి కాసేపుండేదానికి |
| హోల్టర్, ప్యాచ్ | 1 నుంచి 14 రోజుల గీత | చెమటతో సమస్య | బాగుంటుంది | రోజూ లేదా వారంలో వచ్చేదానికి |
| లూప్ రికార్డర్ (చర్మం కింద పెట్టేది) | ఏళ్ళ తరబడి గీత | ఉంటుంది | ఉంటుంది | డాక్టర్ చెప్తేనే |

వాచీ: రెండు పనులు, రెండూ వేరు

వాచీ వెనకాల పచ్చ లైటు చర్మం కింద రక్తం ఎలా పొంగుతోందో చూసి బీట్ లెక్కేస్తుంది. కూర్చున్నప్పుడు, నిద్రలో అది చాలా బాగా పనిచేస్తుంది. పరిగెత్తేటప్పుడు చేయి ఊగే లయ కూడా దానికి రక్తం పొంగినట్టే కనపడుతుంది కాబట్టి ఒక్కోసారి మీ అడుగుల లెక్కకి అతుక్కుపోతుంది. నిమిషానికి 172 అడుగులు వేస్తున్నారు, హార్ట్ రేట్ కూడా కదలకుండా 172 చూపిస్తోంది అంటే అది గుండె కాదు, మీ కాళ్ళు. సైకిల్ మీద హ్యాండిల్ పట్టుకుని మణికట్టు వంగితే, రోడ్డు గతుకులుంటే ఇంకో రకం తప్పులు. స్ట్రాప్ కొంచెం బిగించి ఎముక కన్నా రెండు వేళ్ళు పైకి పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

ఇదే లైటుతో ఆపిల్ వాచీ లాంటివి లయ తేడాగా ఉందని అలర్ట్ ఇస్తాయి. అది మీరు కదలకుండా ఉన్నప్పుడే చూస్తుంది, కనీసం 65 నిమిషాల వ్యవధిలో ఐదుసార్లు తేడా కనిపిస్తేనే చెప్తుంది. అంటే వర్కౌట్ మధ్యలో వచ్చిన దడ గురించి ఇది నోరు విప్పదు, అలర్ట్ రాలేదు కాబట్టి నాకేం లేదు అనుకోకండి. ఆపిల్ హార్ట్ స్టడీలో 419,297 మంది ఉంటే అలర్ట్ వచ్చింది 2,161 మందికి, అంటే 0.52 శాతం. వాళ్ళలో ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికి ఏఫిబ్ కనపడింది. మిగతావాళ్ళకి వాచీ అబద్ధం చెప్పిందని కాదు, ఏఫిబ్ వచ్చిపోతుంటుంది, ప్యాచ్ పెట్టింది తర్వాతెప్పుడో.

రెండో పని ఈసీజీ. వాచీ పక్కనుండే గుండ్రటి బటన్ (క్రౌన్) మీద వేలు పెట్టి 30 సెకన్లు కదలకుండా కూర్చుంటే ఒక లీడ్ గీత వస్తుంది, పీడీఎఫ్‌గా పంపుకోవచ్చు. ఆపిల్ వాచీలో ఇది 2018లో సిరీస్ 4తో వచ్చింది, తర్వాత శాంసంగ్, ఫిట్‌బిట్, గార్మిన్ కొన్ని మోడళ్ళలో తెచ్చాయి. ఆపిల్ వాచీకి ఐఫోనే కావాలి, శాంసంగ్ ఈసీజీకి శాంసంగ్ ఫోనే కావాలి, ఇది కొనే ముందే చూసుకోండి. మోడల్‌లో ఈసీజీ ఉన్నా మీ దేశంలో ఆన్ చేశారో లేదో కూడా కంపెనీ సైట్‌లో చూడండి.

మనలాంటి వాళ్ళకి ఇక్కడే ఒక చిక్కుంది. ఆపిల్ యాప్ 50 కన్నా తక్కువ హార్ట్ రేట్ ఉంటే ఏఫిబ్ ఉందో లేదో చెప్పదు, "తక్కువ హార్ట్ రేట్" అని వదిలేస్తుంది, పై వైపు కొత్త వెర్షన్‌లో 150, పాతదాన్లో 120 దాటినా అంతే. బాగా ట్రైన్ అయినవాడి రెస్టింగ్ హార్ట్ రేట్ 44, 46 ఉండటం మామూలే. అది చూసి కంగారు పడి నిద్రలేచి ఇంకో నాలుగుసార్లు తీసుకునేవాళ్ళని చూశాను. యాప్ తీర్పు ఇవ్వకపోయినా గీత మాత్రం అక్కడే ఉంటుంది, డాక్టర్ దాన్ని చదవగలరు. కాబట్టి "తేల్చలేకపోయాం" అని వచ్చిన స్ట్రిప్ డిలీట్ చేయొద్దు, తరచు అదే పనికొచ్చే స్ట్రిప్ అవుతుంది.

చెస్ట్ స్ట్రాప్: నా మొదటి సలహా ఇదే

వాచీ 205 చూపించింది నిజమా కాదా అని తేల్చుకోడానికి అన్నిటికన్నా చవకైన దారి ఒక మంచి చెస్ట్ స్ట్రాప్. ఇది రక్తం పొంగు కాదు, గుండె కరెంటునే పట్టుకుంటుంది. పోలార్ హెచ్10 లాంటిదైతే ప్రతి బీట్‌కి మధ్య ఎన్ని మిల్లీసెకన్లో ఇస్తుంది. దాన్నుంచి సెకనుకి 130 శాంపిళ్ళ ఈసీజీ గీత కూడా వేరేవాళ్ళు చేసిన యాప్‌లతో ఫోన్‌లోకి తీసుకోవచ్చు, ఐతే ఫోన్ వెంట ఉండాలి. ఇది వైద్య పరికరం కాదు, ఆ గీత చూపించి రోగం పేరు పెట్టమనకూడదు, కానీ డాక్టర్‌కి ఏ టెస్ట్ రాయాలో దారి చూపిస్తుంది.

స్ట్రాప్ కూడా తప్పులు చేస్తుంది. చలికాలం పొద్దున ఒళ్ళు పొడిగా ఉన్నప్పుడు మొదటి పది నిమిషాలు 220 దాకా ఎగరడం, పాలిస్టర్ జెర్సీ గాలికి రుద్దుకుని పిచ్చి నంబర్లు చూపించడం మామూలు. ఎలక్ట్రోడ్లు నీళ్ళతో బాగా తడపండి, ఈసీజీ జెల్ రాస్తే ఇంకా మంచిది, వాడాక కడగండి, బటన్ బ్యాటరీ మార్చండి. ఇవన్నీ చేశాక కూడా అదే జరిగితే అప్పుడు ఆలోచించాలి.

ఎలా పోల్చుకోవాలో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, మీకు ముందే చెప్తా. శ్రమతో పెరిగే హార్ట్ రేట్ మెట్లు ఎక్కినట్టు ఎక్కుతుంది, దిగుతుంది. ఎస్‌వీటీ స్విచ్ వేసినట్టు ఒక్క బీట్‌లో 130 నుంచి 200, ఆపినట్టు మళ్ళీ కిందికి. ఏఫిబ్‌లో అదే వేగానికి మామూలు కన్నా ఎక్కువ హార్ట్ రేట్, కాళ్ళలో సత్తువ పోయినట్టుంటుంది, మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే ఒక తాళానికీ కుదరదు. ఇక బీట్ల మధ్య టైం ఉన్న ఫైల్ ఉంటే ఇలా చూడండి (అన్నీ మిల్లీసెకన్లు): 800, 810, 480, 1150, 805. ముందే వచ్చిన బీట్, తర్వాత పొడుగు విరామం, ఇది ఎక్టోపిక్ (మామూలు చోట కాకుండా వేరే చోట పుట్టిన అదనపు బీట్) అయ్యే అవకాశం ఎక్కువ, నాకు చేపపిల్లలా అనిపించింది ఇదే. 800, 1610, 805 అని ఉంటే సెన్సర్ ఒక బీట్ మిస్సయ్యి ఉండొచ్చు. 800, 310, 490, 800 అని ఉంటే, 310, 490 కలిపితే సరిగ్గా 800, అంటే ఒక బీట్‌నే సెన్సర్ రెండు ముక్కలు చేసుంటుంది. పొద్దున్నే హెచ్‌ఆర్‌వీ (బీట్ల మధ్య టైం ఎంత మారుతోందో చెప్పే లెక్క) చూసుకునే అలవాటున్నవాళ్ళు ఇంకోటి గమనించండి: రెండు మూడు ఎక్టోపిక్ బీట్లు పడితే హెచ్‌ఆర్‌వీ ఒక్కసారిగా రెట్టింపు కావచ్చు, అది చూసి రికవరీ అదిరింది అని ఇంటర్వల్స్ మొదలెట్టకండి. అనుమానం ఉన్న ప్రతిసారీ ఆగి, మణికట్టు మీద వేలు పెట్టి 30 సెకన్లు నాడి చూడండి. పైసా ఖర్చు లేదు, పరికరం నిజమా అబద్ధమా అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

ఈసీజీ రికార్డ్ చేసే స్ట్రాప్

సమస్య శ్రమలోనే వస్తోంది, ఆగితే పోతోంది అనేవాళ్ళకి వాచీ ఈసీజీ సాయం చేయదు, ఆగి వేలు పెట్టేలోపు లయ సర్దుకుంటుంది, పైగా రొప్పుతున్నప్పుడు చేతి కండరాల వణుకుతో గీతంతా గజిబిజి. ఇలాంటివాళ్ళ కోసం బెంగళూరు కంపెనీ ఫోర్త్ ఫ్రాంటియర్ చేసిన ఫ్రాంటియర్ ఎక్స్2 లాంటి స్ట్రాప్‌లు ఉన్నాయి, సెషన్ మొత్తం ఒక లీడ్ ఈసీజీ రాసి పెడతాయి. తర్వాత ఫలానా కొండ ఎక్కేటప్పుడు అని ఆ నిమిషం దగ్గరికి వెళ్ళి గీత తీసి డాక్టర్‌కి ఇవ్వొచ్చు. మామూలు స్ట్రాప్ కన్నా ఖర్చు బాగా ఎక్కువ, ప్రతివాడికీ అక్కర్లేదు. ఇంకో ఇబ్బంది, నాలుగు గంటల గీత చేతిలో ఉంటే మనమే కూర్చుని ప్రతి వంకరకీ అర్థం వెతకడం మొదలెడతాం. కుదుపు వల్ల వచ్చే గజిబిజి వీటీలా కనపడుతుంది, అలవాటు లేని కంటికి తేడా తెలీదు.

చేతి ఈసీజీ

అలైవ్‌కోర్ కార్డియామొబైల్ లాంటివి. రెండు వేళ్ళు పెడితే 30 సెకన్ల గీత, 6ఎల్ మోడల్‌ని ఎడమ మోకాలికి గానీ చీలమండకి గానీ ఆనిస్తే ఆరు లీడ్లు. ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ పనిచేస్తుంది కాబట్టి వాచీ మార్చక్కర్లేదు. రాత్రి దిండు పక్కన పెట్టుకుంటే దడ వచ్చినప్పుడు చటుక్కున తీయొచ్చు. నెలకోసారి వచ్చి పావుగంట ఉండే దడకి నా ఓటు దీనికే, వాచీకి కాదు.

హోల్టర్, ప్యాచ్, ఇంకా లోపల పెట్టేది

హోల్టర్ మామూలుగా 24 నుంచి 48 గంటలు. నాకు మొదటిసారి పెట్టినప్పుడు ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోండి అన్నారు, నేను అలాగే చేశాను, ఏమీ దొరకలేదు. రెండోసారి డాక్టర్‌ని అడిగి ఒప్పించుకుని అదే రోజు రెండు గంటల రైడ్ చేశాను, చెమటకి ఒక ఎలక్ట్రోడ్ ఊడింది, ఐనా రాత్రి వచ్చిన ఎక్టోపిక్ బీట్లన్నీ దొరికాయి. కాబట్టి మీరు ఏం చేస్తే వస్తుందో అది చేయొచ్చా అని ముందే అడగండి. ఎండాకాలం మన దగ్గర తీగల హోల్టర్‌తో పరుగంటే కష్టం, కుదిరితే అతికించే ప్యాచ్ అడగండి, కొన్ని 7 రోజులు, కొన్ని 14 రోజులు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి డాక్టర్ రాస్తే జియో (Zio) ప్యాచ్ పోస్టులో ఇంటికే రావచ్చు. ఈత కొట్టేవాళ్ళు మాత్రం ప్యాచ్ ఉన్నన్నాళ్ళు పూల్ మానాలి.

లూప్ రికార్డర్ అంటే చర్మం కింద పెట్టే చిన్న పుల్ల, కొన్ని మోడళ్ళ బ్యాటరీ నాలుగేళ్ళు దాటి వస్తుంది. కారణం తెలియకుండా పడిపోయినవాళ్ళకి, ఏళ్ళుగా దొరకని దడకి ఎలక్ట్రోఫిజియాలజిస్ట్ (గుండె లయ సమస్యల డాక్టర్) సలహా ఇస్తారు. అది మనం షాపులో ఎంచుకునేది కాదు.

మీరు ఎవరైతే ఏది

పాతికేళ్ళవాడు, 10కే రన్నర్, ఏ లక్షణం లేదు, స్నేహితుడి వాచీలో ఈసీజీ ఉందని అడుగుతున్నాడు: తమ్ముడూ, ఈసీజీ కోసమని వాచీ కొనకు, స్ట్రాప్ కొనుక్కో చాలు.

పదిహేనేళ్ళుగా లాంగ్ రైడ్లు చేస్తూ 45, 50 దాటి, రాత్రిపూట దడ వస్తున్నవాళ్ళు: చేతి ఈసీజీ లేదా ఈసీజీ వాచీ, దాంతో పాటు టూడీ ఎకో (గుండె స్కాన్), ప్యాచ్. ఏఫిబ్ అని తేలితే అది మీ రేస్ టైం సమస్య మాత్రమే కాదు, పక్షవాతం ముప్పు లెక్క కూడా డాక్టర్ చూడాలి. బీపీ, షుగర్ ఉంటే ఇంకా తొందరగా.

ఇంటర్వల్స్‌లో ఉన్నట్టుండి 200 దాటి, స్ట్రాప్‌లో కూడా అదే కనిపించి, నాడి కూడా అంతే ఉంటే: హార్డ్ సెషన్లు ఆపి నేరుగా ఎలక్ట్రోఫిజియాలజిస్ట్. టీఎంటీలో (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) రాకపోతే అప్పుడు రికార్డింగ్ స్ట్రాప్ ఖర్చుకి అర్థం ఉంటుంది.

ఏఫిబ్ ఇప్పటికే తేలినవాళ్ళు, అబ్లేషన్ (లయ తప్పించే చోటుని కాల్చేసే ప్రొసీజర్) చేయించుకున్నవాళ్ళు: ఆపిల్ లయ అలర్ట్ ఏఫిబ్ తేలనివాళ్ళ కోసం చేసింది, మీకు అందులోనే ఏఫిబ్ హిస్టరీ అని వేరేది ఉంది, అది ఆన్ చేసుకోండి. ఏం చూడాలో మీ డాక్టర్‌నే అడగండి.

ఇక ఆరోగ్యం గురించి ఆందోళన ఎక్కువున్నవాళ్ళకి మనస్ఫూర్తిగా చెప్తున్నా, రోజుకి ఇరవైసార్లు ఈసీజీ తీసుకునే పరిస్థితి ఉంటే పరికరం ఇంట్లో ఉండకపోవడమే మేలు. నా హోల్టర్ రిపోర్ట్ వచ్చి, ఎకో నార్మల్ అని తేలి, ఈ బీట్లతో ప్రమాదం లేదని డాక్టర్ చెప్పాక నేను వాచీలో రాత్రి అలర్టులు ఆపేశాను, వారంలోపే నిద్ర తిరిగొచ్చింది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండే స్ట్రిప్‌లు తీసుకెళ్ళండి, ఒకటి దడ ఉన్నప్పటిది, ఒకటి మామూలుగా ఉన్నప్పటిది. వాటి వెనకాల పెన్నుతో రాయండి: తారీఖు, టైం, ఏం చేస్తున్నారు, ఒక్కసారిగా మొదలైందా మెల్లగానా, ఎలా ఆగింది, ముందు రాత్రి నిద్ర ఎంత, ఆ వారం జ్వరం ఏమన్నా వచ్చిందా. జ్వరం సంగతి మాత్రం మర్చిపోవద్దు, వైరల్ తగ్గకముందే పరుగు మొదలెట్టినవాళ్ళలో గుండె కండరం వాచిందేమో అని డాక్టర్ అనుమానించాల్సి ఉంటుంది. వచ్చేటప్పుడు విశ్రాంతిలో తీసిన 12 లీడ్ల ఈసీజీ కాపీ అడిగి తీసుకుని, అక్షరాలు చెరిగిపోకముందే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.